గోలీ పట్టీ మీద చిన్న అక్షరాలు: అమీర్‌పేట నుంచి మన ఇంటి దాకా కెమిస్ట్రీ

అమీర్‌పేట అనగానే ఇప్పటి పిల్లలకి గుర్తొచ్చేవి రెండే. ఒకటి మెట్రో రైలు మారే స్టేషను. రెండోది జావా, పైథాన్, డేటా సైన్స్ అని ఒకదాని మీద ఒకటి బోర్డులు కట్టిన కోచింగ్ సెంటర్లు. జిల్లాల నుంచి బ్యాగు తగిలించుకుని వచ్చి, హాస్టల్లో దిగి, నాలుగు నెలల కోర్సు చేసి ఉద్యోగం వెతుక్కునే కుర్రకారుతో ఆ సందులు కిక్కిరిసి ఉంటాయి. అయితే ఈ పేటకి ఇంకో పేరు కూడా ఉంది. దాని జాడ మన ఇంట్లో ఫ్రిజ్ మీదో, బీరువా అరలోనో ఉండే మందుల డబ్బాలో దొరుకుతుంది.

డాక్టర్ రెడ్డీస్ కంపెనీ హెడ్డాఫీసు చాలా ఏళ్లు అమీర్‌పేటలోనే ఉండేది. అరబిందో ఫార్మా కాగితాల మీద అమీర్‌పేట మైత్రీవిహార్ చిరునామా ఏళ్ల తరబడి కనిపించింది. హెటిరో పక్కనే సనత్‌నగర్‌లో. నాట్కో బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2లో, అంటే పంజాగుట్ట చౌరస్తాకి కూతవేటు దూరంలో. అదే పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి. నిజాం ట్రస్టు ధర్మంతో ఎముకల ఆసుపత్రిగా మొదలై ఇంత పెద్దదైంది. ఒకవైపు మందు తయారుచేసే కంపెనీల ఆఫీసులు, ఇంకోవైపు ఆ మందు కోసం తెల్లవారకముందే లైన్లో నిలబడే రోగులు. మధ్యలో రెండు మెట్రో స్టేషన్ల దూరం కూడా లేదు.

ఈ రెండింటినీ కలిపేది కెమిస్ట్రీ.

పదో తరగతి పుస్తకంలో భయపెట్టిన సమీకరణాలే కెమిస్ట్రీ అనుకునేవాళ్లు ఎక్కువ. మగపిల్లాడు కామర్సుకో కంప్యూటర్లకో పోతే, ఆడపిల్ల ఇంటర్‌తో ఆపేస్తే, ఇక ఆ సబ్జెక్టుతో మనకేం పని అనుకుంటారు. ఉర్దూలో దీన్నే కీమియా అంటాం. ఇంగ్లీషు మాట కూడా అరబీ అల్-కీమియా నుంచి వెళ్లిందే. ఆల్కలీ, ఆల్కహాల్ కూడా అక్కణ్ణుంచి పోయినవే. జాబిర్ ఇబ్న్ హయ్యాన్ పేరు మీద ఉన్న గ్రంథాలు, ఆ తర్వాత అర్-రాజీ రాసినవి యూరప్‌లో శతాబ్దాలపాటు చదివారు. అర్-రాజీ పెద్ద వైద్యుడు కూడా. పదార్థాలు పరిశీలించిన చేతితోనే నాడి పట్టి చూశాడు. ఇక మన హైదరాబాద్ సంగతికొస్తే, 1918లో ఏర్పడిన ఉస్మానియా యూనివర్సిటీలో సైన్సు పాఠాలు ఉర్దూలోనే చెప్పారు. అందుకోసం దారుల్ తర్జుమా పెట్టి పుస్తకాలు అనువదించారు, లేని మాటలు పుట్టించారు. కాబట్టి ఈ శాస్త్రం మన ఇళ్లకి పరాయిదేం కాదు.

ఇంతకీ కెమిస్ట్రీ అంటే ఏంటి? ఒక పదార్థం ఇంకో పదార్థంగా ఎలా మారుతుందో చెప్పే శాస్త్రం. షర్బత్‌లో చక్కెర కరుగుతుంది కానీ చక్కెరగానే ఉంటుంది, నీళ్లు ఎండగొడితే మళ్లీ దొరుకుతుంది. పాలు తోడుపెడితే అలా కాదు. పెరుగు మళ్లీ పాలు కావడం ఉండదు. బిర్యానీకి గోష్ మెత్తబడాలని పచ్చి బొప్పాయి ముద్ద పట్టిస్తారు కదా, అందులో పపైన్ అనే పదార్థం ఉంటుంది. అది మాంసంలోని ప్రొటీన్ గొలుసుల్ని తెంపుతుంది. ఎక్కువ సేపు వదిలేస్తే ముక్క పిండిలా విడిపోతుందని అమ్మీకి తెలుసు, ఎందుకో చెప్పేది కెమిస్ట్రీ.

జ్వరం గోలీ కూడా అలాంటి మార్పు నుంచి పుట్టిందే. పారాసెటమాల్ చేయడానికి పారా అమినోఫినాల్ అనే పదార్థాన్ని ఎసిటిక్ ఆన్‌హైడ్రైడ్‌తో కలుపుతారు. అవి రెండూ కలిసి పారాసెటమాల్ అవుతుంది, పక్కన ఎసిటిక్ యాసిడ్ మిగులుతుంది. ఎసిటిక్ యాసిడ్ అంటే కంగారు పడక్కర్లేదు, వంటింట్లో సిర్కాకి పులుపు ఇచ్చేది అదే. ఇలా తయారైన పారాసెటమాల్ ఏ ఫ్యాక్టరీలో పుట్టినా, ఏ డబ్బాలో పెట్టినా, సరిగ్గా శుద్ధి చేస్తే ఒకటే పదార్థం. క్రోసిన్ అని పెట్టినా, డోలో అని పెట్టినా లోపలి సరుకు అదే. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే చాలు, మందుల షాపులో సగం అయోమయం తీరుతుంది.

కచ్చీ దారి, పక్కీ దారి

హైదరాబాద్ మందుల రాజధాని ఎలా అయిందన్నది కూడా ఈ సంగతి మీదే ఆధారపడి ఉంది.

1944లో, అంటే నిజాం పాలనలోనే, ఇక్కడ సైన్సు పరిశోధన కోసం ఒక లేబొరేటరీ పెట్టారు. అదే తర్వాత కేంద్రం చేతికి వెళ్లి, ఇవాళ తార్నాకలో ఐఐసీటీ పేరుతో ఉంది. 1960ల్లో సోవియట్ రష్యా సాయంతో బాలానగర్‌లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ ఫ్యాక్టరీ వచ్చింది. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు మూతబడింది. కానీ అక్కడ పని నేర్చుకున్న కెమిస్టులు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టుకున్నారు. వాళ్లలో ఒకరు కల్లం అంజిరెడ్డి, గుంటూరు జిల్లా తాడేపల్లి మనిషి. 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. తొలినాళ్లలో చేసినవాటిలో మిథైల్‌డోపా ఒకటి. అది బీపీ మందు. గర్భిణులకి బీపీ పెరిగితే ఇవాళ్టికీ డాక్టర్లు రాస్తుంటారు.

పని తెలిసిన కెమిస్టులు ఉంటే సరిపోదు, చట్టం కూడా ఒప్పుకోవాలి. ఇక్కడే అసలు కథ. 1970 పేటెంట్ చట్టం 1972 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మందు అనే పదార్థం మీద ఎవరికీ పేటెంట్ లేదు, దాన్ని తయారుచేసే పద్ధతి మీద మాత్రమే ఉంటుంది. కచ్చీ బిర్యానీ, పక్కీ బిర్యానీ తేడా తెలిసినవాళ్లకి ఇది చిటికెలో అర్థమవుతుంది. పచ్చి గోష్‌తో దమ్ పెట్టే పద్ధతి ఒకరి సొంతం అనుకుందాం. ముందే ఉడికించిన గోష్‌తో ఇంకొకరు బిర్యానీ చేస్తే ఎవరూ అడ్డం చెప్పలేరు. మన కెమిస్టులు చేసింది అదే. విదేశీ కంపెనీ ఎనిమిది మెట్లలో చేసే మందుని వేరే ముడి సరుకుతో, వేరే మెట్లతో చేసి చూపించారు. కొందరు దీన్ని కాపీ అన్నారు. ల్యాబులో కూర్చుని కొత్త దారి వెతకడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది.

ఈ కథలో ఒక ముస్లిం కుటుంబం కూడా ఉంది. ఖ్వాజా అబ్దుల్ హమీద్ అనే కెమిస్టు 1935లో బొంబాయిలో సిప్లా స్థాపించారు. ఆయన కొడుకు యూసుఫ్ హమీద్ కేంబ్రిడ్జ్‌లో కెమిస్ట్రీలో డాక్టరేట్ చేసి వచ్చారు. హెచ్ఐవీకి మొదటి మందు ఏజెడ్‌టీని ఇక్కడ చవగ్గా చేసే పద్ధతి మన ఐఐసీటీలో ఏ.వి. రామారావు బృందం కనిపెడితే, 1993లో సిప్లా దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. 2001లో హమీద్ ఇంకో అడుగు ముందుకేశారు. మూడు హెచ్ఐవీ మందులు కలిపి రోజుకి 1 డాలరు కన్నా తక్కువకి ఇస్తానన్నారు. అప్పటికి అమెరికాలో అదే చికిత్సకి ఏడాదికి 10,000 డాలర్లు దాటేది. ఆఫ్రికాలో లక్షల మంది చేతికి మందు అందడానికి ఆ మాట దారి తెరిచింది.

2005 జనవరి 1 నుంచి చట్టం మారింది. ఇప్పుడు పదార్థం మీద కూడా పేటెంట్ ఉంది. అందుకే కొత్త క్యాన్సర్ మందుల ధరలు చూస్తే కళ్లు తిరుగుతాయి. అయినా ఒక కిటికీ మిగిలింది. సొరాఫెనిబ్ అని లివర్, కిడ్నీ క్యాన్సర్లకి వాడే మందు ఉంది. బేయర్ కంపెనీ దాన్ని నెలకి దాదాపు 2,80,000 రూపాయలకి అమ్మేది. ఇంత ధర జనానికి అందుబాటు కాదని చెప్పి, 2012 మార్చిలో మన నాట్కోకి ప్రభుత్వం కంపల్సరీ లైసెన్స్ ఇచ్చింది. ఇండియాలో అలాంటి లైసెన్స్ అదే మొదటిది. నాట్కో ధర నెలకి 8,880 రూపాయలు. మందు అదే. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2014లో అక్కడా ఓడిపోయింది.

2,80,000, 8,880. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే మందు ధరలో పదార్థం ఖర్చు ఎంత, పేటెంటు హక్కు ఎంత అన్నది లెక్కలు రానివాళ్లకి కూడా తెలుస్తుంది.

పట్టీ వెనక్కి తిప్పితే

ఇక మన ఇంటి మందుల డబ్బా దగ్గరికి వద్దాం. గోలీల పట్టీ మీద రెండు పేర్లు ఉంటాయి. కొట్టొచ్చినట్టు కనపడేది కంపెనీ పెట్టిన బ్రాండు పేరు. దాని పైనో కిందో, వెండి రేకు మీద వెలిసిపోయినట్టు ఉండేది లోపలి పదార్థం పేరు. డాక్టర్లు దాన్నే సాల్ట్ అంటారు. మనం చదవాల్సింది ఆ రెండో పేరు.

ఎందుకో ఒక ఉదాహరణ. జ్వరం, జలుబు కలిసి వచ్చాయి. అబ్బా ఒక 650 పారాసెటమాల్ వేసుకున్నారు. గంటకి మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చిన జలుబు గోలీ వేసుకున్నారు. దాని పేరు వేరు, రంగు వేరు. వెనక్కి తిప్పి చదివితే అందులోనూ పారాసెటమాల్ ఉంటుంది. ఒంటినొప్పుల గోలీ ఇంకోటి వేస్తే అందులోనూ ఉండొచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజు మొత్తంలో 4 గ్రాములు దాటకూడదు. లివర్ బలహీనంగా ఉన్నవాళ్లకి ఇంకా తక్కువే. పారాసెటమాల్‌లో కొంత భాగాన్ని లివర్ ఒక విషపదార్థంగా మారుస్తుంది, వెంటనే దాన్ని విరిచేస్తుంది కూడా. మోతాదు మీరితే ఆ విరిచే సరుకు అయిపోతుంది, విషం లివర్‌నే తినేస్తుంది. మొదటి రోజు మనిషి బాగానే ఉన్నట్టు కనిపించడం ఇందులో మోసం.

పిల్లల సిరప్‌ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఒకే పారాసెటమాల్ సిరప్ 5 ఎంఎల్‌కి 125 మిల్లీగ్రాములదీ ఉంటుంది, 250దీ ఉంటుంది. పోయినసారి చెంచాడు పోశాం కదా అని ఈసారి కూడా అంతే పోస్తే, సీసా మారిందంటే డోసు రెట్టింపు. పిల్లల డోసు వయసుతో కాదు, బరువుతో లెక్క. డాక్టర్ చీటీలో రాసిన అంకె, సీసా మీద అంకె కలిసాయో లేదో చూసుకున్నాకే మూత తీయాలి.

షుగర్ ఉన్న ఇళ్లల్లో ఈ చిన్న అక్షరాలు రంజాన్‌కి ముందు మరీ అవసరం. పట్టీ మీద మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంటే ఉపవాసంలో షుగర్ అమాంతం పడిపోయే ప్రమాదం తక్కువ. కానీ గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన గోలీలు బాగా వాడకంలో ఉన్నాయి. గ్లిమిపిరైడ్ పాంక్రియాస్‌ని తట్టి ఇన్సులిన్ బయటికి తెప్పిస్తుంది. కడుపులో ఏమీ లేనప్పుడు కూడా తన పని తాను చేసుకుపోతుంది. అసర్ వేళకి చెమటలు, వణుకు, తల తిరగడం అంటే రోజా నీరసం అని సర్దుకుపోవడానికి లేదు, వెంటనే షుగర్ చూసుకోవాలి. బాగా పడిపోతే రోజా విరమించి ఏదైనా తియ్యగా తీసుకోవాల్సిందే. నెలవంక కనపడ్డాక కాదు, షబే బరాత్ నాటికే పట్టీ తీసుకెళ్లి డాక్టర్‌ని అడిగితే సహరీకి ఏది, ఇఫ్తార్‌కి ఏది, ఎంత అన్నది ఆయన మార్చి రాస్తారు. సొంతంగా మార్చుకోవద్దు.

పట్టీ మీద పేరు పక్కన ఎస్ఆర్ అనో, ఈఆర్ అనో, ఎక్స్ఆర్ అనో ఉందేమో కూడా చూడండి. అంటే మందు నిదానంగా, గంటల తరబడి విడుదల అయ్యేలా చేసిన గోలీ అని. నీళ్లు తగలగానే ఉబ్బి జిగురులా మారే పదార్థంలో మందుని ఇరికిస్తారు. ఆ జిగురులోంచి కొద్దికొద్దిగా మందు ఊరుతుంది. దాదీ మింగలేకపోతోందని దాన్ని నూరి ఇస్తే రోజంతటికీ సరిపోయే మందు ఒక్కసారే ఒంట్లో పడుతుంది. మింగలేకపోతే మామూలు గోలీకో, సిరప్‌కో మార్చమని అడగాలి. కొందరికి ఇలాంటి గోలీ వేసుకున్న మర్నాడు మలంలో గోలీ ఆకారం కనిపించి, మందు పనిచేయలేదని భయపడతారు. భయం లేదు, మందు ఊరిపోయాక మిగిలిన ఖాళీ గూడు అది.

సాల్ట్ పేరు తెలిస్తే డబ్బు కూడా మిగులుతుంది. జన ఔషధి కేంద్రాల్లో బ్రాండు లేకుండా అదే పదార్థం దొరుకుతుంది. బ్రాండెడ్ ధర కన్నా 50 నుంచి 80 శాతం తక్కువ అని ప్రభుత్వం చెప్తోంది. నెలనెలా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మందులు కొనే ఇంట్లో ఇది చిన్న లెక్కేం కాదు, స్కూలు ఫీజంత తేడా రావొచ్చు. చవగ్గా ఉంది కాబట్టి పనిచేయదన్న మాట మన దగ్గర గట్టిగా నాటుకుపోయింది. మూర్ఛ మందులు, థైరాయిడ్ మందులు, రక్తం పలుచన చేసే మందులు లాంటి కొన్నింటిలో మాత్రం ఒక కంపెనీ నుంచి ఇంకోదానికి మారేముందు డాక్టర్‌కి చెప్పాలి. వాటిలో కొద్ది తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

గోలీలో మందు కానిది

500 మిల్లీగ్రాముల గోలీ తూకం వేస్తే 500 ఉండదు, ఎక్కువే ఉంటుంది. మిగతాది మందు కాదు. గోలీకి ఆకారం ఇచ్చే పొడి, కడుపులో విడిపోయేలా చేసే పిండి, అచ్చుకి అంటుకోకుండా చేసే మెరుపు పొడి. ఆకారం ఇచ్చే వాటిలో ముఖ్యమైంది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. కలప గుజ్జు నుంచి చేస్తారు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా కార్మికులు చనిపోయింది ఈ పొడి తయారుచేసే ఫ్యాక్టరీలోనే. బిహార్, ఒడిశా లాంటి చోట్ల నుంచి కూలికి వచ్చినవాళ్లు వారిలో ఎందరో. రుచీ పచీ లేని ఆ తెల్లటి పొడి కోసం కూడా ప్రాణాలు పోతాయని మందు మింగేవాళ్లకి తెలీదు.

ఇక మన ఇళ్లల్లో తరచూ వచ్చే ప్రశ్న క్యాప్సూల్ హలాలేనా అని. క్యాప్సూల్ పైతొడుగు ఎక్కువగా జెలటిన్‌తో చేస్తారు. జెలటిన్ అంటే జంతువుల ఎముకలు, చర్మం ఉడికించి తీసే ప్రొటీన్. అది పశువులదైనా కావచ్చు, కొన్ని దేశాల్లో పందిదైనా కావచ్చు. మొక్కల సెల్యులోజ్ నుంచి చేసే హెచ్‌పీఎంసీ తొడుగులు కూడా ఇప్పుడు వస్తున్నాయి. పట్టీ మీదో డబ్బా మీదో ఆ పేరు రాసి ఉంటే చిక్కు లేదు.

రాయకపోతే? ఇక్కడ ఫిఖహ్, కెమిస్ట్రీ ఒకే ప్రశ్న అడుగుతాయి: పదార్థం నిజంగా మారిపోయిందా, పాత పదార్థమే కొత్త రూపంలో ఉందా? షరాబు తనంతట తానే సిర్కాగా మారిపోతే అది హలాల్ అన్నది తెలిసిందే. ఇలా స్వభావం మారిపోవడాన్ని ఇస్తిహాలా అంటారు. కెమిస్ట్రీ లెక్కలో కూడా ఆల్కహాల్ ఎసిటిక్ యాసిడ్ అయితే అది వేరే పదార్థమే. జెలటిన్ అలా పూర్తిగా మారినట్టా, కాదా అన్న దగ్గర ఉలమాల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. కెమిస్ట్రీ వైపు నుంచి చెప్పగలిగింది ఒకటే, కొల్లాజెన్ అనే పెద్ద ప్రొటీన్ తెగి చిన్నదైతే జెలటిన్ అవుతుంది. మిగతాది ముఫ్తీ సాబ్‌ని అడగాల్సిన మాట. ఆపరేషన్ థియేటర్లలో, డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎక్కువగా పంది పేగుల నుంచే తీస్తారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు జరూరత్ అనే మినహాయింపు షరీఅత్‌లో ఉంది. మనసులో అనుమానం పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా మందు మానేయడం మాత్రం అన్నిటికన్నా ప్రమాదం. గోలీ రూపంలో ఉందా, వేరే మందు ఉందా అని డాక్టర్‌ని నోరు తెరిచి అడగొచ్చు. చాలాసార్లు ఉంటుంది.

తియ్యగా ఉండే విషం

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగి 20 మందికి పైగా చిన్నపిల్లలు కిడ్నీలు దెబ్బతిని చనిపోయారు. 2022లో ఆఫ్రికా దేశం గాంబియాలో దాదాపు 70 మంది పిల్లలు ఇలాగే పోయారు. అక్కడికి వెళ్లిన సిరప్ కూడా మన దేశంలో తయారైందే. రెండు చోట్లా పరీక్షల్లో బయటపడిన పదార్థం డైఇథిలీన్ గ్లైకాల్.

సిరప్‌లో మందు కరగడానికి ప్రొపైలీన్ గ్లైకాల్ గానీ గ్లిజరిన్ గానీ వాడతారు. అవి ఒంటికి పెద్దగా హాని చేయవు. డైఇథిలీన్ గ్లైకాల్ ఫ్యాక్టరీలకి పనికొచ్చే సరుకు. చూడ్డానికి మూడూ ఒకటే, రంగు లేని చిక్కటి ద్రవం, నాలుక మీద తియ్యగా ఉంటుంది. పేరులో కూడా గ్లైకాల్ అనే ఉంది. ధర మాత్రం తక్కువ. ముడి సరుకు డ్రమ్ము వచ్చినప్పుడు పరీక్ష చేయకుండా వాడేస్తే అంతే సంగతులు. ఇది కొత్త కథ కూడా కాదు. 1937లో అమెరికాలో ఇదే పదార్థం కలిసిన మందు 100 మందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పుడే అక్కడ మందుల చట్టం గట్టిపడింది. 88 ఏళ్ల తర్వాత కూడా మన దగ్గర అదే తప్పు జరగడాన్ని ప్రమాదం అని సరిపెట్టుకోలేం.

సీసా చూసి ఇంట్లో ఎవరూ దీన్ని పట్టుకోలేరు. చేయగలిగింది వేరే ఉంది. రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వొద్దని, ఐదేళ్లలోపు వాళ్లకి కూడా సాధారణంగా అక్కర్లేదని కేంద్ర ఆరోగ్యశాఖే చెప్పింది. చిన్నపిల్లల జలుబు చాలావరకు దానంతటదే తగ్గుతుంది. సిరప్ తాగాక పిల్లలు మూత్రం పోయడం తగ్గినా, ఆగినా, మత్తుగా పడి ఉన్నా ఆ సీసాతో సహా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంట్లోనే ఉన్న ఇంకో రెండు సంగతులు చెప్పకుండా వదిలేయడం న్యాయం కాదు. ఒకటి బాత్రూమ్. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. ఇంకా తెల్లగా రావాలని దాని మీద బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన గ్యాస్ అది. కిటికీ లేని చిన్న బాత్రూమ్‌లో, తలుపు వేసుకుని కడిగేవాళ్లకి ఊపిరి పట్టేస్తుంది. ఒకటి వాడితే పూర్తిగా నీళ్లు కొట్టి, ఇంకోటి వేరే రోజు వాడాలి. గాటు వాసన వచ్చిందంటే అన్నీ వదిలేసి బయటి గాలికి రావడమే. ఇంటి పనికి వచ్చే ఆమెకి కూడా ఈ మాట చెప్పాలి, ఎందుకంటే ఎక్కువసార్లు కడిగేది ఆమే.

రెండోది సుర్మా. ఇస్మిద్ గురించి హదీసుల్లో ఉందని చాలామంది పసిపిల్లల కళ్లకి సుర్మా పెడతారు. ఇస్మిద్ అంటే చాలామంది ఆంటిమొనీ రాయి అని చెప్తారు. ఇవాళ బజార్లో సుర్మా పేరుతో దొరికే వాటిలో చాలావరకు గెలీనా, అంటే సీసం ఉన్న రాయి పొడి. రెండూ నల్లగా, మెరుస్తూ ఉంటాయి. పసిపిల్ల కళ్లు నలుపుకుని అదే వేలు నోట్లో పెట్టుకుంటుంది. సీసం కొద్దిగా ఒంట్లోకి పోయినా ఎదిగే మెదడుకి దెబ్బే, చదువులో వెనకబడటం, మొండితనం లాంటివి ఏళ్ల తర్వాత బయటపడతాయి. అమెరికాలో కళ్లకి పెట్టే ఇలాంటి సుర్మాని అమ్మడమే నిషేధం. మన దగ్గర ఆ చిన్న సీసా మీద కంపెనీ పేరు ఉంటుంది, ఖుష్బూ సంగతి ఉంటుంది, లోపల ఏ పదార్థం ఉందో ఉండదు. ఆ పేరు రాయని సీసా పసిపిల్లల దగ్గరికి తేవొద్దు. సున్నత్ మీద ప్రేమ ఉన్నవాళ్లు ఈ మాటకి నొచ్చుకోనక్కర్లేదు, సీసం సున్నత్ కాదు.

మందులు చేసిన కంపెనీల గురించి ఇంత మంచి చెప్పాక వాటి ఇంకో ముఖం కూడా చెప్పాలి. ఆఫీసులు అమీర్‌పేటలో ఉన్నా రియాక్టర్లు పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల వైపు ఉన్నాయి. అక్కడి వాగుల్లో రంగు మారిన నీళ్ల గురించి రైతులు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు, సుప్రీంకోర్టు దాకా పోయారు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో ఫార్మా వ్యర్థాలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షించారు. ఆ శుద్ధి చేసిన నీళ్లలోనే లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. కొన్ని బ్యాక్టీరియాలని చంపడానికి కావాల్సిన దానికన్నా ఇది వెయ్యి రెట్లు ఎక్కువ. అలాంటి నీళ్లలో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా మీద ఇక ఆ మందు పనిచేయదు. అదే బ్యాక్టీరియా తిరిగి తిరిగి ఏదో ఒక ఆసుపత్రి మంచం దగ్గరికి చేరుతుంది.

ఫ్యాక్టరీ చేసే తప్పు పెద్దది, ఇంట్లో చేసేది చిన్నది, కానీ రకం ఒకటే. అజిత్రోమైసిన్ రెండు గోలీలు కొని, జ్వరం తగ్గగానే ఆపేసి, మిగిలింది పక్కింటి ఖాలాకి ఇవ్వడం మనకి మామూలే. పట్టీ మీద నిలువుగా ఎర్రగీత ఉంటే అది డాక్టర్ చీటీ లేకుండా వేసుకోకూడని మందు. యాంటీబయాటిక్స్ మీద ఆ గీత ఉంటుంది. జలుబు, ఫ్లూ వైరస్ వల్ల వస్తాయి, వాటి మీద ఈ మందులకి పనే లేదు.

2023 ఆగస్టు నుంచి బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల డబ్బాల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ఫోన్‌తో స్కాన్ చేస్తే సాల్ట్ పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ వస్తాయి. డబ్బా మీద ఉన్నదీ ఫోన్‌లో వచ్చిందీ కలవకపోతే, లేదా గోలీ రంగో వాసనో తేడాగా ఉంటే, పారేయకుండా పట్టీనీ బిల్లునీ దాచి ఉంచాలి. పట్టీ కత్తిరించి ఇస్తే బ్యాచ్ నంబరు ఉన్న ముక్క మన దగ్గరే ఉండేలా చూసుకోవాలి, బిల్లు అడిగి తీసుకోవాలి. ఫిర్యాదు వినాల్సింది తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్. దాని ఆఫీసు కూడా ఎక్కడో దూరాన లేదు, అమీర్‌పేట పక్కనే వెంగళరావునగర్‌లో ఉంది.